గదిని చదవడం ఎలా: వస్తువులను బట్టి మనిషిని అంచనా వేసేవారికి ఒక పద్ధతి

కొత్తగా ఎవరింటికైనా వెళ్లినప్పుడు, కూర్చోమని చెప్పి ఇంటివారు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లిన కాసేపట్లో మన కళ్లు ఊరికే ఉండవు. గోడమీది ఫొటోలు, షోకేసులోని బొమ్మలు, టీవీ వెనక చిక్కుపడ్డ వైర్లు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన తీరు, అన్నిటినీ ఒకసారి చుట్టి వచ్చి, ఆ ఇంటివారు ఇలాంటివారు అని ఒక అభిప్రాయానికి వచ్చేస్తాం. పెళ్లిచూపులకు వెళ్లినవారు, ఇల్లు అద్దెకిచ్చేవారు, హాస్టల్లో గది పంచుకోబోయేవారు, కొత్త ఆఫీసులో పై అధికారి స్వభావం ముందే పసిగట్టాలనుకునేవారు ఈ పని మరింత పట్టుదలగా చేస్తారు. చేయడంలో తప్పేమీ లేదు. అయితే చాలామంది కొట్టొచ్చినట్టు కనబడే ఒక్క వస్తువును పట్టుకుని, దాని చుట్టూ మనిషి మొత్తాన్ని అల్లేస్తారు. ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో వస్తువు కన్నా ముందు చూడవలసినవి ఉన్నాయి. ఆ చోట నిజంగా ఎవరి మాట చెల్లుతుందో తేల్చుకోవాలి, రోజూ చేసే పనులు అక్కడ వదిలిన గుర్తులను వెతకాలి, వచ్చిన అభిప్రాయాన్ని నమ్మేముందు పరీక్షకు పెట్టాలి.

గదులు నిజంగా ఏమైనా చెబుతాయా?

చెబుతాయి, కానీ అన్నీ చెప్పవు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సామ్ గోస్లింగ్, తన సహచరులతో కలిసి 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈ విషయాన్ని పద్ధతిగా పరీక్షించారు. 94 ఆఫీసు గదుల్లోకి, 83 పడకగదుల్లోకి అపరిచితులను పంపి, ఆ గదిలో ఉండే మనిషిని ఒక్కసారి కూడా చూడకుండానే అతని స్వభావానికి మార్కులు వేయమన్నారు. గదిలో ఉన్న సొంత ఫొటోలు, పేర్లు కనబడకుండా ముందే కప్పేశారు. ఆ మార్కులను, గదివారు తమ గురించి తాము చెప్పుకున్నదానితోనూ వారిని బాగా ఎరిగినవారు చెప్పినదానితోనూ పోల్చి చూశారు.

మనస్తత్వ శాస్త్రంలో స్వభావాన్ని కొలిచేందుకు ఎక్కువగా వాడే ఐదు కొలతలే అక్కడా వాడారు: కొత్తదనం పట్ల ఆసక్తి, క్రమబద్ధత, కలుపుగోలుతనం, సౌమ్యత, భావోద్వేగ స్థిరత్వం. వీటిలో గదిని చూసి అన్నిటికన్నా బాగా పట్టగలిగింది కొత్తదనం పట్ల ఆసక్తిని. ఆఫీసుల్లోనూ పడకగదుల్లోనూ అదే ముందు నిలిచింది. పడకగదుల్లో దాని తర్వాత భావోద్వేగ స్థిరత్వం, క్రమబద్ధత కొంతవరకు తెలిశాయి. సౌమ్యత, అంటే ఎదుటివారితో మెత్తగా, దయగా మెలిగే గుణం, ఆఫీసు గదిని చూసినవారికి దాదాపు అంతుపట్టనే లేదు. ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుపెట్టుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి, ఎందుకంటే పెళ్లిచూపులకు వెళ్లిన పెద్దలు ఇల్లు చూసి తేల్చుకోవాలనుకునేది సరిగ్గా దీన్నే: ‘మనుషులు మంచివాళ్లేనా?’ ఆ ప్రశ్నకు గోడలు, సోఫాలు ఇవ్వగలిగే జవాబు చాలా తక్కువ.

ఇంకొక సంగతి కూడా ఆ పరిశోధనలో తేలింది. చూడవచ్చినవారు ఆధారంగా తీసుకున్న గుర్తుల్లో కొన్ని నిజంగానే స్వభావానికి సంబంధించినవి, మరికొన్నిటికి దానితో ఏ సంబంధమూ లేదు. ఎగాన్ బ్రన్స్‌విక్ అనే శాస్త్రవేత్త అంతకు చాలాకాలం ముందే ఈ తేడాను వివరించారు. మనకు కనబడే గుర్తు ఒకవైపు అసలు గుణంతోను, మరోవైపు మన అంచనాతోను ముడిపడి ఉంటుంది. ఈ రెండు ముడుల్లో ఏది తెగినా అంచనా తప్పుతుంది. కాబట్టి ఏదైనా వస్తువు చూసి ఒక మాట అనుకున్న వెంటనే, ఈ వస్తువుకూ నేననుకుంటున్న గుణానికీ మధ్య దారి ఏది అని మిమ్మల్ని మీరే అడగండి. దారి చెప్పలేకపోతే ఆ మాటను వదిలేయండి.

ముందుగా, ఆ చోట ఎవరి మాట చెల్లుతుందో తేల్చుకోండి

పాశ్చాత్య పరిశోధనల్లో పడకగది అంటే సాధారణంగా ఒక మనిషి తనకు నచ్చినట్టు అమర్చుకునే చోటు. మన ఇళ్లలో ఆ మాట చాలాసార్లు చెల్లదు. రాత్రి హాల్లో పరుపు పరుచుకుని తెల్లారగానే చుట్టేసే కుర్రవాడికి గది అనేదే ఉండదు. అత్తగారు పాతికేళ్ల కిందట అమర్చిన వంటగదిలో కోడలు వండుతూ ఉంటే, ఆ డబ్బాల వరస కోడలి గురించి ఏమీ చెప్పదు. ఆ వరస మార్చడానికి ఆమెకు ఎంత వీలుందన్నది మాత్రం కొంత చెబుతుంది.

అద్దె ఇళ్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. గోడలకు మేకులు కొట్టకూడదన్న షరతు మీద ఇల్లు తీసుకున్నవారి బోసి గోడలు చూసి, వీళ్లకు కళాభిరుచి లేదని తీర్పు చెబితే అది ఇంటి యజమానికి తగలవలసిన తీర్పు. మంచం తల ఏ దిక్కున ఉంది, బీరువా నైరుతి మూలలోనే ఎందుకుంది, గదికి పనికిరాని చోట అద్దం ఎందుకు పెట్టారు అన్నవాటికి చాలా ఇళ్లలో ఒకటే జవాబు, వాస్తు. అది కూడా నమ్మి పాటించినదో, మామగారి పోరు పడలేక ఒప్పుకున్నదో వస్తువును చూస్తే తెలియదు. ఇక గోడ గడియారాలు, వేంకటేశ్వరస్వామి పటాలు, రాధాకృష్ణుల బొమ్మలు ఒకటికి నాలుగు ఉన్నాయంటే, అవి గృహప్రవేశానికి వచ్చిన కానుకలు అయ్యే అవకాశమే ఎక్కువ. ఇచ్చినవారు ఇంటికి వచ్చినప్పుడు కనబడకపోతే నొచ్చుకుంటారన్న మొహమాటంతో గోడమీద ఉన్నవి కూడా వాటిలో ఉంటాయి. ఆ మొహమాటం ఇంటివారి గుణమే, నిజమే. కానీ పటంలోని బొమ్మను చూసి వారి అభిరుచిని లెక్కగట్టలేం.

అందువల్ల ఏ ఇంట్లోనైనా ముందుగా ఆ మనిషికి సొంతంగా చెల్లుబాటయ్యే జాగా ఎంతో కొలుచుకోవాలి. అది ఒక్కోసారి బీరువాలో ఒక అర కావచ్చు, చదువుకునే బల్ల కావచ్చు, స్కూటర్ డిక్కీ, ఆఫీసుకు తీసుకెళ్లే బ్యాగు, మంచానికి తనవైపు ఉన్న చిన్న స్టూలు కావచ్చు. హైదరాబాదులో అమీర్‌పేట వంటి చోట్ల కోచింగ్‌కు వచ్చి నలుగురు ఉండే హాస్టల్ గదిలో దిగిన విద్యార్థికి దక్కేది ఒక మంచం, ఒక కబోర్డు, తలగడ పక్కన జానెడు గోడ. గది గజిబిజిగా ఉందని నలుగురికీ కలిపి ఒకే మార్కు వేయకుండా, ఆ జానెడు గోడ మీద ఎవరేం అంటించుకున్నారో, ఎవరి మంచం కింద పెట్టె తెరిచి ఉందో, ఎవరి బట్టలు తాడు మీద రోజుల తరబడి ఉండిపోయాయో విడివిడిగా చూస్తేనే ఏమైనా తెలుస్తుంది. జాగా ఎంత చిన్నదైతే అక్కడ ఉంచుకున్న వస్తువుకు అంత బరువు ఎక్కువ, ఎందుకంటే దాన్ని ఉంచడం కోసం ఇంకొకదాన్ని వదులుకుని ఉంటారు.

వస్తువు ఎవరివైపు తిరిగి ఉంది?

గోస్లింగ్ గదిలోని వస్తువులను మూడు రకాలుగా చూడమంటారు. కొన్ని, నేను ఇలాంటివాణ్ని అని చెప్పుకోవడానికి పెట్టుకున్నవి. కొన్ని, మనసును ఒక దారిలో ఉంచుకోవడానికి పెట్టుకున్నవి. మిగిలినవి ఎవరూ కావాలని పెట్టనివి. చేసే పనుల వల్ల వాటంతట అవే మిగిలిపోయిన ఆనవాళ్లు. ఈ విభజన నాకు చాలా ఉపయోగకరంగా కనిపిస్తుంది, కానీ దాన్ని వాడాలంటే ముందు వస్తువు ఏ వైపు తిరిగి ఉందో చూడడం నేర్చుకోవాలి.

ప్రభుత్వ కార్యాలయాల్లో పాత టేబుళ్ల మీద పరిచి ఉండే అద్దం ఇందుకు మంచి పాఠం. ఆ అద్దం కింద సెలవుల జాబితా, నాలుగు ఫోన్ నంబర్లు రాసిన కాగితం, ఇష్టదైవం బొమ్మ, పిల్లవాడి పాస్‌పోర్టు సైజు ఫొటో, ఎప్పుడో వచ్చిన శుభలేఖ నుంచి కత్తిరించిన వినాయకుడు ఉంటాయి. అవి కుర్చీలో కూర్చున్న మనిషికి నిలువుగా, అర్జీ పట్టుకుని ఎదుట నిలబడ్డవారికి తలకిందులుగా కనబడతాయి. అంటే ఆ మనిషి వాటిని తనకోసమే పెట్టుకున్నాడు. వెనక గోడమీద, వచ్చినవారి కంటికి ఎదురుగా, మంత్రిగారి చేతులమీదుగా జ్ఞాపిక అందుకుంటున్న ఫొటో ఉందనుకోండి. దాన్ని చూడాలంటే అతను మెడ తిప్పాలి. అది వచ్చినవారికోసం పెట్టింది. రెండూ నిజమైన సమాచారమే. మొదటిది అతనికి రోజులో ఏది కావాలో చెబుతుంది, రెండోది నలుగురిలో ఎలా కనబడాలనుకుంటున్నాడో చెబుతుంది. రెండూ ఒకే దారిలో ఉంటే అంచనా వేయడం సులువు. వచ్చినవారివైపు ఒకటి, తనవైపు దానికి పూర్తిగా వేరైనది ఉంటే తొందరపడి ఇతను నటిస్తున్నాడని అనుకోవద్దు. ఉద్యోగం ఒక రకం ప్రదర్శనను కోరుతుంది. ఆ మనిషికి మరొకటి అవసరం కావచ్చు.

నలుగురికీ కనబడేలా పెట్టినదంతా బూటకం అన్న అనుమానం మనలో చాలామందికి ఉంటుంది. అది అంత సరైనది కాదు. మనుషులు తాము నమ్మినదాన్నే, లేదా నిజంగా కావాలనుకుంటున్నదాన్నే ఎక్కువగా ప్రదర్శిస్తారు. సోషల్ మీడియాలోని ప్రొఫైళ్ల మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో కూడా, ఫేస్‌బుక్ పేజీలు వాటి యజమానులు కోరుకునే ఆదర్శ రూపం కన్నా వారి అసలు స్వభావానికే దగ్గరగా ఉన్నాయని తేలింది. వాట్సాప్ డీపీ, స్టేటస్ కూడా ఇతరులవైపు తిరిగిన గోడలే అనుకుని చూడవచ్చు. ఫోన్ గ్యాలరీలో పేరుకున్న స్క్రీన్‌షాట్లు మాత్రం ఆనవాళ్ల కిందికి వస్తాయి, వాటిని చూసే హక్కు మాత్రం మనకు లేదు.

ఒకే వస్తువు చోటు మారితే అర్థం మారడం ప్రవాసుల ఇళ్లలో బాగా కనబడుతుంది. కొండపల్లి బొమ్మల దశావతారాలు విజయవాడలో ఒక షోకేసులో ఉంటే, అవి పక్క ఊరినుంచి ఎవరో తెచ్చి ఇచ్చినవి కావచ్చు, దసరా బొమ్మల కొలువు అయ్యాక లోపల పెట్టడానికి బద్ధకించినవి కావచ్చు. అవే బొమ్మలు న్యూజెర్సీలో ఒక ఇంటి ముందుగదిలో ఉన్నాయంటే, బరువు లెక్క చూసుకుని సర్దే సూట్‌కేసులో వాటికి ఎవరో చోటిచ్చారన్నమాట. పచ్చళ్లతో, పొడులతో పోటీపడి గెలిచిన వస్తువది. ఎంత ఖర్చయింది అన్నదానికన్నా, దేన్ని వదులుకుని తెచ్చుకున్నారు అన్నది ఎక్కువ చెబుతుంది.

ఆనవాళ్లను చూడడం

అన్నిటికన్నా నమ్మదగినవి ఇవే, ఎందుకంటే వీటిని ఎవరూ మన చూపుకోసం తయారుచేయరు. తెలుగు ఇళ్లలో దీనికి నాకు తెలిసిన ఉత్తమ ఉదాహరణ వంటింటి గోడకు వేలాడే క్యాలెండరు. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం ముద్రించిన ఆ గళ్లలో ఇంటివారు తమ లెక్కలు రాసుకుంటారు. పాలు రాని రోజున చిన్న ఇంటూ గుర్తు, గ్యాస్ బండ వచ్చిన తేదీన ‘గ్యాస్’ అని పెన్సిలుతో ఒక మాట, బీమా ప్రీమియం కట్టవలసిన రోజు చుట్టూ సున్నా, పనిమనిషి మానేసిన రోజులకు గీతలు. ఎవరి చేతిరాత అన్నది మొదట చూడండి. ఆ ఇంటి లెక్క ఎవరి తలమీద ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. గుర్తులు నెల మొదటివారంలో చిక్కగా ఉండి తర్వాత పలచబడి ఆగిపోతే, ప్రతి నెలా పద్ధతిగా ఉండాలని మొదలుపెట్టి కొనసాగించలేని మనిషి కనబడతాడు. పన్నెండు నెలలూ ఒకే తీరున ఉంటే, ఆ క్రమబద్ధత మీద మీకు ఇక సందేహం అక్కర్లేదు. గుర్తులే లేకపోతే మాత్రం ఏమీ తేల్చకండి. లెక్క ఫోన్‌లో ఉండవచ్చు.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా గమనించాలి. సర్దిన గది వేరు, అమరిక ఉన్న గది వేరు. చుట్టాలు వస్తున్నారని ఫోన్ రాగానే గంటలో ఎవరైనా గదిని సర్దేయగలరు; చేతికందినవన్నీ బీరువాలోకి తోసి తలుపు మూస్తే సరిపోతుంది. అమరిక మాత్రం గంటలో రాదు. కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు ఒక ఫైల్లో తేదీల వరసన ఉండడం, తాళాలకు ఒకే కొక్కెం ఉండి అవి అక్కడే వేలాడుతూ ఉండడం, పోపుల పెట్టెలో ఆవాల గిన్నెలో ఆవాలే ఉండి జీలకర్ర కలవకపోవడం, మందుల డబ్బాలో గడువు తీరినవి లేకపోవడం, ఇవన్నీ రోజూ చేసే చిన్న పనులు పేరుకుని ఏర్పడినవి. కాబట్టి క్రమబద్ధతను అంచనా వేసేటప్పుడు నేల ఎంత మెరుస్తోందో చూడవద్దు. ఒక కత్తెర అడగండి. ఎంతసేపట్లో, ఎన్ని సొరుగులు తెరిచాక దొరికిందో చూడండి.

ఆనవాళ్లు ఇంట్లో చేసే పనులవే కానక్కర్లేదు. తలుపు వెనక వేలాడే బ్యాడ్మింటన్ రాకెట్ తీగలు అరిగి ఉన్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా అన్నది బయట జరిగేదాని గురించి చెబుతుంది. యోగా చాప చుట్ట విప్పకుండా ప్లాస్టిక్ కవరులోనే ఉంటే అది కోరికకు గుర్తు, అలవాటుకు కాదు. కొన్న వస్తువు ఉద్దేశాన్ని చూపిస్తుంది, అరిగిన వస్తువు ఆచరణను చూపిస్తుంది. మనిషి గురించి తెలుసుకోవాలంటే అరుగుదలను వెతకాలి.

మనుషులు తమ గురించి చెప్పేదానికీ వారి ఆనవాళ్లు చెప్పేదానికీ మధ్య దూరం ఎంతో చూపిన ప్రసిద్ధ పరిశోధన ఒకటుంది. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు శాస్త్రవేత్త విలియం రాత్జీ 1973లో టూసాన్ నగరంలో ఇళ్ల చెత్తను తవ్వకాల్లో దొరికిన వస్తువుల మాదిరిగా వర్గీకరించి చదివే పథకాన్ని మొదలుపెట్టారు. ఇంటివారు తాగామని చెప్పిన మద్యానికన్నా చెత్తబుట్టలోని ఖాళీ డబ్బాలు, సీసాలు ఎక్కువ లెక్క చెప్పాయి. అలాగని మీరు ఎవరి చెత్తబుట్టా వెతకనక్కర్లేదు. ఎవరైనా తన గురించి చెప్పుకున్నమాటకు, తాను గమనించకుండా వదిలిన గుర్తుకు పొంతన కుదరనప్పుడు ఎక్కువ నమ్మవలసింది గుర్తునే అని తెలిస్తే చాలు.

ఊరట కోసం పెట్టుకున్న వస్తువులు

మంచం పక్కన తాతయ్య వాడిన కళ్లజోడు, పాత రేడియో, చదువు రోజుల స్నేహితుల గ్రూప్ ఫొటో, ‘ఓడిపోవడం తప్పు కాదు’ వంటి మాటల పోస్టరు, ఇవి మనసును కుదుటపరచుకోవడానికో ఉత్సాహం తెచ్చుకోవడానికో పెట్టుకున్నవి. వీటిని తప్పుగా చదవడం చాలా తేలిక. గోడనిండా ధైర్యవచనాలు అంటించుకున్నవాణ్ని చూసి, ఎంత ఆత్మవిశ్వాసమో అనుకుంటాం. గోస్లింగ్ దీనికి ఎదురుగా చెబుతారు: ఆందోళన స్వభావం ఎక్కువ ఉన్నవారే అటువంటి పోస్టర్లను మందులా వాడుకుంటారట. పోటీపరీక్షలకు చదివేవారి గదుల్లో నాకిది నిజమనిపిస్తుంది, కానీ అక్కడ కూడా కోచింగ్ సెంటరు ఉచితంగా పంచిన పోస్టరు కాదని ముందు నిర్ధారించుకోవాలి.

పూజగది ఈ మూడు రకాల్లో దేనికిందికి వస్తుందో ఒక్క మాటలో చెప్పలేం. హాల్లోకి కనబడేలా పాలరాతి మందిరం కట్టించుకోవడం నలుగురివైపు తిరిగినది. కారిన నూనె మరకలు, అరిగిన అగరుబత్తి స్టాండు, వాడి పడేసిన పూల బుట్ట ఆనవాళ్లు. అలమర లోపలివైపు ఎవరికీ కనబడకుండా అంటించిన చిన్న బొమ్మ ఊరట. భక్తి ఎంతుందో కొలవడం ఎవరి తరమూ కాదు గానీ, ఆ ఇంట్లో రోజూ దీపం పెడుతున్నారా లేదా అన్నది ప్రమిద చెబుతుంది.

కొత్తదనం పట్ల ఆసక్తిని, కలుపుగోలుతనాన్ని పట్టడం

పుస్తకాలు ఎక్కువ ఉంటే మేధావి అన్న లెక్క పనికిరాదు. పరిశోధనలో నిలిచిన గుర్తు సంఖ్య కాదు, వైవిధ్యం. ఒకే పోటీపరీక్షకు సంబంధించిన నలభై పుస్తకాలకన్నా, కవిత్వం, మొక్కల పెంపకం, క్రికెట్, పంచాంగ గణితం కలగలిసిన పది పుస్తకాలు కొత్తదనం పట్ల ఆసక్తిని ఎక్కువగా చూపిస్తాయి. వాటిలో సగం మధ్యలో ఆగిపోయి, చదివినంత మేర గుర్తుగా బస్ టికెట్టు పెట్టి ఉన్నా ఫరవాలేదు. ఆసక్తికి, పూర్తిచేసే గుణానికి ఒకదానితో ఒకటి పని లేదు.

కలుపుగోలుతనం తెలియాలంటే ఆఫీసు గదిలో ఎదుటి కుర్చీని చూడండి. వచ్చినవారు కాసేపు కూర్చునేలా ఉందా, దానిమీద ఫైళ్లు పేర్చి ఉన్నాయా? తలుపు తెరిచి ఉంటుందా? బల్లమీద చాక్లెట్లో వేరుశనగ పప్పులో ఉన్న గిన్నె ఉంటే అది ఎవరినో పిలుస్తున్నట్టే. ఇళ్లలో అయితే అదనంగా ఉన్న స్టీలు గ్లాసులను, మడత కుర్చీలను, చాపలను చూడవచ్చు. అవి అటకమీద ఉన్నాయా, చేతికందే చోట ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

గది గజిబిజిగా ఉంటే అది సృజనకు గుర్తని చాలామంది చెప్పుకుంటారు, తమ గదిని సమర్థించుకునేటప్పుడు మరీ ఎక్కువగా. ఈ మాటకు మూలంగా చూపే 2013 నాటి ప్రయోగం, చెదిరిన గదిలో కూర్చోబెడితే మనుషులు ఆ కాసేపు ఎలా ఆలోచిస్తారన్నదాన్ని పరిశీలించింది. ఎప్పుడూ గదిని చెదరగొట్టుకునే మనిషి ఎలాంటివాడన్నదాన్ని కాదు. అందుకే దాన్ని ఇక్కడికి తెచ్చి వాడుకోకూడదు.

పెళ్లిచూపుల్లో, హాస్టల్లో, అమ్మానాన్నల ఇంట్లో

పెళ్లిచూపుల రోజున హాలు ఎంత చూసినా లాభం లేదు. ఆ హాలును వారం నుంచీ తయారుచేసి ఉంచుతారు. అబ్బాయి లేదా అమ్మాయి సొంత బల్లను చూసే అవకాశం వస్తే, పైన ఏముందో కన్నా ఒకే రోజులో మార్చలేనివి ఏమున్నాయో చూడాలి: పుస్తకాల అంచుల అరుగుదల, బల్లమీద వేడి గ్లాసులు పెట్టిన గుండ్రటి మచ్చలు, గోడకు పాత టేపు మరకలు. వాటినిబట్టి అలవాట్ల గురించి ఒకటి రెండు అంచనాలకు రావచ్చు. గుణం గురించి తెలియాలంటే గదిని వదిలి, ఆ ఇంట్లో టీ తెచ్చినవారితో, కింద కాపలాదారుతో వారు ఎలా మాట్లాడుతున్నారో వినడం మేలు.

హాస్టల్లో గది పంచుకునేవారికి ఈ చదువు నిజంగా అక్కరకొస్తుంది, కానీ అక్కడ ఒక్కసారి చూడడం చాలదు. పరీక్షల వారంలో ఒకసారి, సెలవుల తర్వాత ఒకసారి చూస్తే, ఏది ఆ మనిషి తీరో ఏది ఒత్తిడి వల్ల వచ్చిందో విడిపోతుంది.

విదేశాల్లో స్థిరపడి ఏడాదికో రెండేళ్లకో ఇంటికి వచ్చే పిల్లలు మాత్రం స్వభావాన్ని వదిలి మార్పును చూడాలి. ఎప్పుడూ తేదీల వరసన ఉండే నాన్నగారి రసీదులు ఈసారి కవరులో కుక్కి ఉన్నాయా? బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరాలు తెరవకుండా పడి ఉన్నాయా? ఒకే బిళ్లల అట్టలు మూడు తెరిచి ఉన్నాయా? ఇంట్లో ఉన్న సరుకే మళ్లీ మళ్లీ కొంటున్నారా? క్యాలెండరు గళ్లలో అమ్మ పెట్టే గుర్తులు ఏ నెలలో ఆగిపోయాయి? వీటిలో ఏ ఒక్కటీ జబ్బును తేల్చదు. చూపు మందగించి ఉండవచ్చు, మోకాళ్ల నొప్పితో ఆ అరదాకా వెళ్లలేకపోతూ ఉండవచ్చు, మనసు బాగోక పట్టించుకోవడం మానేసి ఉండవచ్చు, జ్ఞాపకశక్తి తగ్గుతూ ఉండవచ్చు. అయితే రెండు మూడు కలిసి కనబడితే, బద్ధకం పెరిగిందని విసుక్కోకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లడానికి అవి చాలిన కారణాలు. గదిని ఇతరుల గదులతో పోల్చడంకన్నా అదే గదిని దాని పాత రూపంతో పోల్చడం వల్ల తెలిసేది ఎక్కువ, పైగా పొరపాటు పడే ప్రమాదం తక్కువ.

వచ్చిన అభిప్రాయాన్ని పరీక్షించడం

ఒక మాట అనుకున్నాక, దానికి ఎదురు చెప్పే వస్తువు ఒకటి అదే గదిలో వెతకండి. చాలా క్రమబద్ధమైన మనిషి అనుకుంటే అతని బ్యాగులోని చిన్న అరను, కారు డ్యాష్‌బోర్డు కింది పెట్టెను గమనించండి, అదీ వారు మీ ముందు తెరిచినప్పుడే. ఒకే గుర్తు రెండు మూడు వేర్వేరు చోట్ల కనబడితే నమ్మండి. అలాగే, మామూలుకన్నా భిన్నంగా ఉన్న వస్తువు దగ్గర ఎక్కువసేపు ఆగండి: అందరి ఇళ్లలో ఉండే టీవీ ఏమీ చెప్పదు, టీవీ లేకపోవడం ఏదో చెబుతుంది.

అమెరికా పరిశోధనల ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడికి దింపుకోవడమూ తగదు. అక్కడ 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, రాజకీయాల్లో సంప్రదాయవాదులైనవారి పడకగదుల్లో క్యాలెండర్లు, ఇస్త్రీపెట్టె, బట్టల బుట్ట వంటివి, ఉదారవాదుల గదుల్లో రకరకాల పుస్తకాలు, బొమ్మలు వేసుకునే సామాను ఎక్కువ కనిపించాయి. మన ఊళ్లో పంచాంగం క్యాలెండరు అన్ని రాజకీయ పార్టీల వారి ఇళ్లలోనూ ఉంటుంది. ఇస్త్రీ బట్టలు వీధి చివర బండికి వెళ్తాయి.

మూసి ఉన్న సొరుగు, బీరువా, ఫోను, డైరీ, మందుల డబ్బా అడగకుండా తెరవకూడదు. ఇది మర్యాద సంగతే కాదు. దొంగచాటుగా చూసినదాన్ని ఆ మనిషితో మాట్లాడి సరిచూసుకునే వీలుండదు కాబట్టి, అది ఎప్పటికీ సగం సమాచారంగానే మిగిలి లోపల అనుమానమై పెరుగుతుంది. మీకు కనబడినదాని గురించి మాత్రం నేరుగా అడగవచ్చు, తీర్పులా కాకుండా ప్రశ్నగా: ఇది ఎవరిచ్చారండీ, ఎప్పటినుంచి ఉంది, ఇక్కడే ఎందుకు పెట్టారు? ఎవరిచ్చారో చెబుతూ అక్కడే ఆగిపోయేవారికి ఆ వస్తువు ఒక కానుక మాత్రమే. ఎందుకు పెట్టారో చెబుతూ కుర్చీ దగ్గరకు జరుపుకునేవారు తమ గురించి చెప్పడం మొదలుపెట్టారని అర్థం.

వీలైతే ఇంకొక ప్రశ్న కూడా అడగండి, ఎందుకంటే ఇంతసేపూ గదిని చూసి తెలుసుకోలేనిది దీనితో తెలుస్తుంది: ఈ గదిలో మార్చాలని ఉండి మార్చలేకపోయినది ఏదైనా ఉందా? ఇల్లుగలవారు ఒప్పుకోలేదని కొందరు, అమ్మ బాధపడుతుందని కొందరు, డబ్బు కుదరలేదని కొందరు, తీరిక లేదని కొందరు అంటారు. ఆ జవాబు విన్నాక, అప్పటిదాకా ఆ మనిషి ఖాతాలో రాసుకున్న గుర్తుల్లో ఏవి కొట్టేయాలో ఏవి ఉంచాలో మరొకసారి చూసుకోండి.